రణపాలకు నైట్ షిఫ్ట్

పద్దెనిమిదేళ్ళు నేను మాలిక్ ఆమ్లం గురించి పాఠం చెప్పాను. ఇంటర్మీడియెట్ పిల్లలకు వృక్షశాస్త్రం. చెప్పాను అంటే బోర్డు మీద బాణాలు గీశాను. రాత్రికి ఒక బాణం, పగటికి ఒక బాణం, మధ్యలో మాలిక్ ఆమ్లం, దానికి రెండు మార్కులు. ఆ ప్రశ్న ఏ వేషంలో వచ్చినా కళ్ళు మూసుకుని సరైన గడి నింపేలా పిల్లల్ని తయారుచేశాను. ఆ కాలేజీ కిటికీలకు ఇనపజాలీలు ఉండేవి, ఆవరణలో ఒక్క మొక్క ఉండేది కాదు. వృక్షశాస్త్రం చెప్పడానికి మొక్క కావాలని యాజమాన్యానికి తోచలేదు, నాకూ తోచలేదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఇక్కడి నుంచి నేను చాలామందిని వెక్కిరించబోతున్నాను, వాళ్ళలో నన్ను కూడా కలుపుకోవాలి.

కాలేజీ వదిలాక కొత్తగూడలో మొక్కలు కిరాయికిచ్చే ఒక సంస్థలో చేరాను. ఈ ఐటీ ఆఫీసులలో సొంతమనేది ఏదీ ఉండదు. కుర్చీలు కిరాయి, కాఫీ మిషన్లు కిరాయి, తలుపు దగ్గర నిలబడే మనిషి కిరాయి, మొక్కలూ కిరాయే. వాడిపోయిన మొక్కను మేం పొద్దున్నే వ్యాన్‌లో తీసుకుపోయి, అదే కుండీలో మరొకటి పెట్టి వస్తాం. పది గంటలకు వచ్చే ఇంజనీర్లకు తమ పక్కనున్న మొక్క ఎన్నడూ చావదనే నమ్మకం. ఒక ఆఫీసులో ఒకాయన ప్లాస్టిక్ మొక్కకు ఆరు నెలలు నీళ్ళు పోశాడు. అది ప్లాస్టిక్‌దని నేను చెబితే, మరి ఇంత బాగా ఎలా ఉంది అని నన్నే అడిగాడు. ఇలాంటి చోట నా విజిటింగ్ కార్డు మీద హార్టికల్చర్ కన్సల్టెంట్ అని ఉండేది. వారానికోసారి ఒక్కో ఆఫీసుకు వెళ్ళి, మొక్కలను చూసి, ఫారం నింపి, సంతకం పెట్టడం నా పని.

కోకాపేటలో కొత్తగా లేచిన ఒక అద్దాల టవర్‌లో, పేరు చెప్పనవసరం లేని ఒక కంపెనీ కింది అంతస్తులో పచ్చని గోడ కట్టించుకుంది. గోడ నిండా చిన్న చిన్న సంచులు, ప్రతి సంచిలో ఒక మొక్క, మధ్యలో మొక్కలతోనే కంపెనీ గుర్తు. ఆ గోడను చూసుకునే అధికారిణి ఉద్యోగం పేరు వర్క్‌ప్లేస్ ఎక్స్‌పీరియెన్స్ హెడ్. ఆఫీసులో మనుషులకు మంచి అనుభవాలు కలిగేలా చూడటమట ఆవిడ పని. కోస్తా వైపు మనిషి, మర్యాదకు లోటు లేదు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి నన్ను పిలిపించింది.

"సార్, రణపాల, స్నేక్ ప్లాంట్ రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయటండి. మా నైట్ షిఫ్ట్ వాళ్ళకి చాలా హెల్ప్ అవుతుంది. గోడంతా అవే పెట్టేద్దామండి," అంది.

అవి రాత్రిపూట ఆక్సిజన్ ఇవ్వవు. వెలుతురు లేకుండా ఏ మొక్కా ఇవ్వదు. రణపాల లాంటివి చేసేది వేరే పని. ఎండలో పత్రరంధ్రాలు తెరిస్తే లోపలి నీరంతా ఆవిరైపోతుంది. అందుకని అవి పగలు తలుపులు మూసుకుని, చల్లబడ్డాక చీకట్లో తెరుస్తాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని మాలిక్ ఆమ్లంగా మార్చి, కణంలో రిక్తిక అనే సంచిలో దాచుకుంటాయి. తెల్లవారాక మళ్ళీ తలుపులు మూసి, దాచిన ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొట్టి, ఎండ సాయంతో చక్కెర చేసుకుంటాయి. ఆక్సిజన్ వచ్చేది అప్పుడు. మొక్క కడుపు నింపుకునే ఏర్పాటు అది, కంపెనీ ఉద్యోగుల ఊపిరి కోసం చేసుకున్నది కాదు.

ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినంత కంఠతా వచ్చు. అయినా ఆవిడతో, "అవునండి, మంచి ఆలోచన," అన్నాను. ఆర్డరు పెద్దది. పైగా నన్ను కూర్చోబెట్టిన సోఫా మెత్తగా ఉంది, వాళ్ళ కాఫీ బాగుంది. గోడంతా రణపాల పెట్టించాం, కంపెనీ గుర్తుకు మాత్రం స్నేక్ ప్లాంట్.

గోడకు నీళ్ళు పోసి తుడిచే పని హౌస్‌కీపింగ్‌లో ఒకామెకు అప్పగించారు. పాలమూరు వైపు నుంచి వచ్చి మియాపూర్‌లో కిరాయి గదిలో ఉంటోంది, నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దున ఆరింటికి వస్తే సాయంత్రం ఆరింటిదాకా డ్యూటీ. ఆమెకు చదువు రాదని గోడలోని ఒక్కో వరసకు ఒక్కో బిళ్ళ తయారుచేసి వేలాడదీశాను. ఏ రోజు ఎన్ని మగ్గుల నీళ్ళో బొమ్మలు గీసి, కింద సంతకం పెట్టి, ప్లాస్టిక్ కాగితం అంటించాను. నా సంతకం కొంచెం ఆడంబరంగా ఉంటుంది, చివర తోకలాంటి గీత ఒకటి.

రెండు నెలలు తిరక్కుండానే గోడ పాలిపోయింది. ఆకులు పసుపుకెక్కి, తాకితే రాలిపోతున్నాయి. ఎక్స్‌పీరియెన్స్ హెడ్ ఫోన్ మీద ఫోన్. వెళ్ళాను, సోఫాలో కూర్చున్నాను, కాఫీ తాగుతూ పది అడుగుల దూరం నుంచి గోడను చూశాను. మా ఫారంలో కారణం అనే చోట నాలుగే గళ్ళుంటాయి: నీళ్ళు ఎక్కువ, నీళ్ళు తక్కువ, పురుగు, ఇతరములు. మొదటి గడిలో టిక్కు కొట్టాను. ఆఫీసు మొక్కలు చచ్చేది ఎక్కువగా నీళ్ళు ఎక్కువయ్యే. వేళ్ళు కుళ్ళాయి, నిర్వహణ లోపం అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, తోకగీతతో సంతకం పెట్టి ఇచ్చేశాను. లేచి గోడదాకా నడవలేదు.

మరుసటి సోమవారం వేరే పని మీద అదే టవర్‌కు వెళితే, గోడకు నీళ్ళు పోసే ఆమె సెల్లార్ ర్యాంప్ దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"సార్, జర గీ కాయితం చదివి చెప్పుండ్రి. ఇంగ్లీషుల ఉంది. సూపర్‌వైజర్ ఇచ్చిండు. శుక్రారం దాంక రా, తర్వాత నీ పాస్ పనిచెయ్యదన్నడు."

ఆమెను ఇక్కడ పనికి పెట్టిన హౌస్‌కీపింగ్ ఏజెన్సీ పద్ధతి నాకు తెలుసు. మూడు ఫిర్యాదులొస్తే గేటు పాస్ ఆగిపోతుంది. మొదటిది, మొక్క నుంచి కారిన నీటి చుక్క ఎవరి బూటు మీదో పడినందుకు. రెండోది, మోకాళ్ళు నొచ్చి రెండు నిమిషాలు ఆ సోఫాలో కూర్చున్నందుకు. నేను గంటల తరబడి కూర్చునే సోఫా అదే. మూడోది ఆమె చేతిలో ఉంది. అది నా ఫారం. కింద నా సంతకం, తోకగీతతో సహా.

"నీళ్ళు ఎక్కువ పోయడం వల్ల మొక్కలు చనిపోతున్నాయని రాశారమ్మా," అన్నాను.

"ఎవరు రాసిన్రు సార్?"

"కంపెనీ వాళ్ళు."

ఆమె కాగితం వెనక్కి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో పెట్టుకుంది.

"నేను ఎక్వ పోయలే సార్. మీ బిళ్ళ మీద ఎన్ని మగ్గుల బొమ్మలుంటే గన్నే పోసిన. మా ఇంటాయనకు కాలు బాగలేక ఇంట్లనే ఉంటుండు. ఈ పని పోతే గది కిరాయి యాడికెల్లి కట్టాలె?"

చూద్దాం పద అని గోడ దగ్గరికి నడిచాను, మొదటిసారి. సంచిలో వేలు పెట్టాను. మట్టి పొడిగా ఉంది. ఒక మొక్కను పీకి చూశాను. వేళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి, కుళ్ళిన జాడే లేదు. పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, మట్టిలో వేలు పెట్టకుండా ఒక మనిషి ఉద్యోగం తీసేశాను. అయినా ఆ మాట బయటికి రాలేదు. ఏమైందో కనుక్కుందాం అని మాత్రం అన్నాను, అదేదో నేను చేస్తున్న ఉపకారమైనట్టు.

"ఏమైందో నాకు ఎర్కనే సార్. ఈ చెట్టుకు రాత్రి లేదు," అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమర్చి చెప్పింది.

"మా ఇంటాయనకు కిడ్నీల రాళ్ళున్నయని మా గది ముంగట డబ్బాల రణపాల పెట్టిన. పొద్దుగాల లేవంగనే రెండాకులు నమలాలె. పొద్దుగాల మస్తు పుల్లగుంటది. ఒక్కొక్కపారి మర్చిపోయి పొద్దుగూకినంక ఇస్తే సప్పగుందంటడు. ఎవరింట్లనన్న గంతే. గీ గోడ ఆకు నేను రోజూ పొద్దుగాల ఒకటి నములుత సార్. పెట్టిన కొత్తల పుల్లగనే ఉండె. తర్వాత తర్వాత పొద్దుగాల గూడ సప్పగనే. ఈడ లైట్లు రాత్రి గూడ బందు చెయ్యరు. గీ చెట్టు ఎప్పుడు పండుకోవాలె?"

ఆకుతో రాళ్ళు కరుగుతాయో లేదో నేను చెప్పలేను, ఆ పని దవాఖానకు వదిలేస్తాను. పులుపు సంగతి మాత్రం అక్షరాలా నా పాఠం. అవుటర్ రింగు రోడ్డు మీద పోయేవాళ్ళకు కంపెనీ గుర్తు కనబడాలని గోడ మీద కళ్ళు చెదిరే లైట్లు రాత్రంతా వెలిగించి ఉంచుతున్నారు. నేను ఎప్పుడూ పగలే వచ్చాను కాబట్టి నాకు తెలియదు, అడగాలనీ తోచలేదు. రాత్రి ఏదో చేస్తుందని ఏరికోరి తెచ్చిన మొక్కకు రాత్రే లేకుండా చేసిన తెలివి ఈ అద్దాల మేడల్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. చీకటి పడితే తప్ప తలుపు తెరవని మొక్కను నిలువునా వెలుతురులో నిలబెట్టి, గాలి అందక చక్కెర చేసుకోలేక అది పాలిపోతుంటే, నీళ్ళు పోసినామె మీద నేను నేరం మోపాను.

"సార్, మీరు గిది పిల్లలకు చెప్పెటోళ్ళంట గద. ఎన్నడన్న నమిలి చూసిన్రా?" అని అడిగింది ఆమె. వెటకారం కాదు, తెలుసుకుందామనే.

లేదన్నాను.

మంగళవారం రెండు టిఫిన్ డబ్బాలు తెచ్చింది. ఒకదానిలో ఆ తెల్లవారుజామున వాళ్ళ గది ముందు కోసిన ఆకులు, రెండోదానిలో ఆరింటికి ఈ గోడ నుంచి కోసినవి. డబ్బాలో చీకటే కాబట్టి పులుపు పోదని నేను చెప్పక ముందే ఆమెకు తెలుసు. నేను మొదటి డబ్బాలోది నోట్లో వేసుకున్నాను. చింతచిగురంత పులుపు, పళ్ళు జిల్లుమన్నాయి. బోర్డు మీద అన్నేళ్ళు రాసిన పదం రుచి ఏమిటో యాభై రెండేళ్ళ వయసులో తెలిసింది. రెండో డబ్బాలోది పచ్చి బీరకాయలా చప్పగా ఉంది.

పది దాటాక ఎక్స్‌పీరియెన్స్ హెడ్ వచ్చింది. ఆవిడ చేత రెండూ నమిలించాను. మొదటిదానికి ముఖం ముడుచుకుపోయింది.

"దీనికి వెనిగర్ ఏమైనా రాశారాండి?"

"లేదండి. చీకటి రాసింది," అన్నాను. నేను చెప్పిన పాఠం అంతా విని, ఆవిడ ఫోన్‌లో ఏదో రాసుకుంది.

"ఇంట్రెస్టింగేనండి. కానీ ఇది ఒక్క శాంపిలే కదండీ. లైట్స్ ఆఫ్ చేయాలంటే బ్రాండ్ టీమ్ అప్రూవల్ కావాలి, వాళ్ళది వేరే టైమ్ జోన్. కొంచెం డేటా ఉంటే వాళ్ళకి పంపిస్తాను."

ఒక స్విచ్చి నొక్కడానికి మూడు దేశాల అనుమతి. మొక్కకు చీకటి కావాలనడానికి డేటా. ఆక్సిజన్ ఇస్తుందన్న వీడియోకు ఎవరూ డేటా అడగలేదు. ఆ ఒక్క మాటా మింగేసి, శుక్రవారంలోగా చూపిస్తాను, గోడలో సోఫా వైపు మూల మాత్రం నాకు వదిలేయండి అని అడిగాను. అక్కడైతే రోడ్డు నుంచి కనబడదు కాబట్టి ఒప్పుకుంది.

ఆ సాయంత్రం ఆరింటికి ఆమె, పొద్దున డబ్బాలతోపాటే ఇంటి నుంచి తెచ్చిపెట్టుకున్న ముదురు నీలం దుప్పటిని ఆ మూలన రెండు డజన్ల మొక్కల మీద కప్పింది. అంచులకు బట్టల క్లిప్పులు పెట్టింది. పొద్దున ఆరింటికి వచ్చి తీసేది. బుధవారం, గురువారం కూడా అంతే. ఎవరూ లాగెయ్యకుండా నేను దాని మీద కాగితం అంటించాను: పరీక్ష జరుగుతోంది, ముట్టుకోవద్దు. పరీక్ష అనే మాటకు ఈ ఊళ్ళో అందరూ భయపడతారు, ఎవరూ ముట్టుకోలేదు.

శుక్రవారం కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ మొదలు కాకముందే బయల్దేరి ఆరింటికల్లా చేరాను. ఆమె దుప్పటి తీసింది. ఒక ఆకు కోసి నా చేతికిచ్చి, తనొకటి నమిలింది. పులుపు. మూడు రోజుల చీకటికే మొక్క తన పని మొదలుపెట్టుకుంది. పక్కనే దుప్పటి కప్పని వరసలో ఆకు చప్పగానే ఉంది. నేను అరడజను వరసల ఆకులు కోసి, డబ్బాల్లో పెట్టి, మూతల మీద చీటీలు అంటించాను. పది గంటలకు ఎక్స్‌పీరియెన్స్ హెడ్, ఆవిడ కింద పనిచేసే ఇద్దరూ వరసగా నమిలారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే నేను కొత్త ఫారం నింపాను. నాలుగు గళ్ళలో ఇతరములు అనే గడిలో టిక్కు కొట్టి, లైట్ల సంగతి రాశాను. పాత ఫారం నేను చూడకుండా రాసిందని మాత్రం రాయలేదు. కొత్త పరిశీలనల ఆధారంగా సవరించడమైనది అని రాశాను. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యాలు చాలా సుఖంగా ఉంటాయి, తప్పు చేసినవాడు వాటిలో కనబడడు. ఏజెన్సీకి ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాం అని చెప్పాను, వాళ్ళు సరేనన్నారు. అంత తేలిక.

అనుమతి వచ్చేదాకా మొక్కలు ఆగలేవని నేను గొడవ చేస్తే, ఎక్స్‌పీరియెన్స్ హెడ్ సాయంత్రం ఏడింటి నుంచి పొద్దున ఆరింటిదాకా గోడలైట్లు ఆరిపోయేలా టైమర్ పెట్టించింది. గోడ కింద ఒక పోస్టర్ వెలిసింది. మన మొక్కలకు కూడా వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఉంది అని దాని మీద రాసి, నా ఫొటో వేశారు. ఈ సంగతి కనిపెట్టింది మా కన్సల్టెంట్ అట. ఆ గోడ ఎదురుగా సోమవారం నా చేత ఒక ప్రసంగం కూడా చేయించారు. లాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకున్న జనానికి రాత్రి బాణం, పగటి బాణం మళ్ళీ గీసి చూపించాను. చివరలో ఒక కుర్రాడు లేచి, అంటే మాకు కూడా రాత్రి చీకటి కావాలా సార్ అని అడిగాడు. అందరూ నవ్వారు. అడిగినవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అతను మాత్రం నవ్వలేదు.

కనిపెట్టింది నేను కాదని ఆ మైకులో చెప్పవలసింది. ఆమె లిఫ్టు పక్కన మగ్గు పట్టుకుని నిలబడి ఉంది. చెబుదామని నోటిదాకా వచ్చింది, చప్పట్లు మొదలయ్యాయి, కూర్చున్నాను.

జనం పోయాక ఆమె దగ్గరికి వెళ్ళాను.

"పాస్ పనిచేస్తోందా అమ్మా?"

"చేస్తుంది సార్."

"నేనే మాట్లాడాను. ఆ కాగితం కొట్టేయించాను." పొగడ్త కోసం కాసేపు నిలబడ్డాను కూడా.

ఆమె చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. విప్పి, గోడకు వేలాడుతున్న బిళ్ళ పక్కన పెట్టింది. రెండింటి అడుగునా ఒకే సంతకం, ఒకే తోకగీత.

"నాకు అచ్చరాలు రావు సార్. గీ గీత రోజూ తుడుస్త, గిది ఎర్కనే," అంది.

"అయితే ఆ రోజే తెలుసా?"

"ఇచ్చిన్నాడే ఎర్కయింది."

"మరి నన్నెందుకు చదవమన్నావు?"

"చదువుకుంట చదువుకుంట మీరే చెప్తరేమో అనుకున్న."

కాగితాన్ని మళ్ళీ మడతల వెంబడే మడిచి నా చేతిలో పెట్టింది. మగ్గు ముంచి, బిళ్ళ మీద ఎన్ని బొమ్మలున్నాయో ఒకసారి చూసుకుని, అన్నే పోసింది.